గుట్టు హక్కైన వృత్తాంతము

"సంసారము గుట్టు, రోగము రట్టు" అని మన పెద్దల సామెత. ఇంటిలోని కలిమిలేములు, అప్పుసప్పులు, ఆలుమగల మాటపట్టింపులు నలుగురి నోట పడరాదు. రోగము మాత్రము దాచినకొలది ముదురును గావున తెలిసినవారికి చెప్పుకొని మందు పుచ్చుకొనవలెను అని దీని భావము. సామెత చిన్నదే గాని, ఇందొక న్యాయసూత్రము ఇమిడియున్నది. మనిషి తన సంగతులలో కొన్ని దాచుకొనును, కొన్ని చెప్పుకొనును. ఏది దాచవలెనో, ఏది ఎవరికి చెప్పవలెనో నిర్ణయించుకొను అధికారము అతనిది. వైద్యునకు చెప్పిన రోగము వైద్యునకే చెప్పినట్లు గాని, వీథిలో చాటినట్లు కాదు.

నేడు ఇంగ్లీషులో ప్రైవసీ అనియు, పత్రికల తెలుగులో గోప్యత అనియు వ్యవహరింపబడుచున్నది ఈ గుట్టే. ఇది భారత పౌరునకు ప్రాథమిక హక్కని మన అత్యున్నత న్యాయస్థానము నిస్సందేహముగ ప్రకటించినది 2017లో. ఆ ప్రకటనకు వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. అందు తెలుగు న్యాయమూర్తుల పాలు తక్కువది కాదు. కేంద్రప్రభుత్వ ఉద్యోగులమైన మనకు ఈ చరిత్ర రెండు విధముల చుట్టము. ఇతరులను గూర్చి ఫైళ్లు వ్రాయువారము మనమే. మనలను గూర్చి వ్రాయబడిన ఫైళ్లును ఎచ్చటనో ఉండకపోవు. కావున దీనిని తెలిసికొనుట మనకు కేవలము విజ్ఞానవినోదము కాదు.

వేగులవారి కాలము

రాజ్యము ప్రజలను గనిపెట్టియుండుట నేటి మాట కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము గూఢచారులను రెండు తరగతులుగ విభజించినది: ఒకచోట నిలిచి పనిచేయువారు "సంస్థలు", తిరుగుచు పనిచేయువారు "సంచారులు". విద్యార్థి, గృహస్థు, వర్తకుడు, తాపసి మున్నగు వేషములన్నియు అందు చెప్పబడినవి. ఐనను కౌటిల్యుడు వేగు తెచ్చిన మాటను తోడనే నమ్ముమనలేదు. ముగ్గురు వేరువేరుగ తెచ్చిన వార్త ఒక్కటైనప్పుడే దానిని విశ్వసింపవలెనని నియమము పెట్టెను. మన కృష్ణదేవరాయలు సైతము ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున చారులను గూర్చి ముచ్చటించెను. నిఘా రాజధర్మములో ఒక భాగమే యని మన పూర్వులు ఒప్పుకొనిరి. హద్దు లేని నిఘాను మాత్రము ఒప్పుకొనలేదు.

హద్దు దాటిన నిఘా ఎట్టి కీడు తెచ్చునో తెలుపు కథ తెలుగునాట పసిపిల్లలకును తెలియును. ఒక చాకలి తన ఇంట, తన ఆలితో, కోపమున ఒక మాట జారెను. ఆ మాటను వేగు విని రాజునకు చేరవేసెను. దాని ఫలముగ సీతాదేవి అడవుల పాలయ్యెను. కథను మనము భక్తితో విని కంట తడిపెట్టుకొందుము గాని, అందలి లౌకిక సత్యమును గమనింపము. నాలుగు గోడల నడుమ పలికిన మాట సభకు ఎక్కినది. పలికినవానికి దానివలన మేలు కలుగలేదు, వినిన రాజునకు సుఖము కలుగలేదు.

అయినను ఆ కాలమున ప్రజలకు ఒక రక్షణ ఉండెను. అది శాస్త్రములో వ్రాయబడినది కాదు, ప్రకృతిసిద్ధమైనది. వేగులవానికి జీతము కావలెను, కూడు కావలెను, నిద్ర కావలెను. ఒక్కడు ఒక్క ఇంటిని కనిపెట్టుటయే కష్టము. రాజ్యములోని ఇండ్లన్నింటికి వేగులను పెట్టుట ఎంత చక్రవర్తికైనను అలవి కాదు. కావున రాజు ఎవనిని కనిపెట్టవలెనో ఎంచుకొనవలసివచ్చెను. ఆ శ్రమయే సామాన్యునకు కవచమయ్యెను. తరువాతి చరిత్రయంతయు ఈ కవచము క్రమక్రమముగ కరగిపోయిన కథయే.

తపాలా, తంతి, కెమెరా

తపాలా వ్యవస్థ వచ్చి, దేశములోని ఉత్తరములన్నియు కొన్ని కచేరీల గుండ పోవుట మొదలైన పిమ్మట వేగు ఇల్లిల్లు తిరుగనక్కరలేకపోయెను. కచేరిలో కూర్చున్న చాలును. 1844లో లండనున తలదాచుకొనియున్న ఇటలీ దేశభక్తుడు మాజినీ తన ఉత్తరములను ప్రభుత్వము విప్పి చదువుచున్నదని బయటపెట్టగా బ్రిటిషు పార్లమెంటులో పెద్ద కలకలము రేగెను. ఆ దేశములో అంత అలజడి పుట్టించిన పనినే బ్రిటిషువారు మన దేశమున చట్టబద్ధముగ చేసికొనిరి. 1885 టెలిగ్రాఫు చట్టములోని 5వ సెక్షను, ప్రజాత్యయిక పరిస్థితి యేర్పడినను, ప్రజాభద్రత కోరినను తంతివార్తను ఆపి చదువుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చెను. 1898 తపాలా చట్టములోని 26వ సెక్షను ఉత్తరముల విషయమున అట్టి అధికారమునే ఇచ్చెను. టెలిఫోను వ్యాపించిన తరువాత తంతికి వ్రాసిన సెక్షనే దానికిని సరిపోయెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను ఈ రెండు చట్టములు మనతోనే ఉండిపోయినవి.

ఇదే కాలమున అమెరికాలో మరియొక పరిణామము కలిగెను. 1888లో జార్జి ఈస్ట్‌మన్ చేతబట్టుకొని తిరుగుటకు వీలైన కోడక్ కెమెరాను అంగడికి తెచ్చెను. అంతవరకు ఫోటో తీయించుకొనువాడు కదలక కూర్చుండవలెను, అనగా అతని సమ్మతి కావలెను. ఇక ఆ పని లేకుండనే ఎవని బొమ్మనైనను తీయవచ్చును. వారెన్, బ్రాండైస్ అను ఇద్దరు న్యాయవాదులు 1890లో హార్వర్డు న్యాయపత్రికలో ఈ కొత్త బెడదను చూపి, మనిషికి తన మానాన తాను ఉండు హక్కు కలదని వాదించిరి. గుట్టునకు ముప్పు ప్రభుత్వమువలననే గాక, ముచ్చటపడి మనము కొనుక్కొను వస్తువువలనను రాగలదని లోకమునకు స్పష్టముగ చెప్పిన తొలి రచనలలో అది యొకటి.

ఖరక్‌సింగ్ వ్యాజ్యము

మన రాజ్యాంగము 1950లో అమలులోనికి వచ్చినప్పుడు అందు గోప్యత యను పేరుతో ఏ హక్కును చేర్చబడలేదు. 1954లో డాల్మియా కంపెనీల సోదాలకు సంబంధించిన ఎం.పి. శర్మ కేసులో ఎనమండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, అమెరికా రాజ్యాంగములోనున్నట్టి రక్షణ మన రాజ్యాంగమున లేదు గావున దానిని మనము దిగుమతి చేసికొనరాదని పలికెను. ఈ ఒక్క మాట తరువాత అరువది మూడేండ్లు అడ్డుకట్టగ నిలిచెను.

పిదప వచ్చినది ఖరక్‌సింగ్ కేసు. ఇతడు ఉత్తరప్రదేశమునకు చెందినవాడు. 1941లో ఒక బందిపోటు కేసులో పట్టుబడి, సాక్ష్యము చాలక విడుదలయ్యెను. నేరము రుజువు కాలేదు గాని పోలీసులు అతనిపై హిస్టరీ షీటు తెరచిరి. ఆ రాష్ట్ర పోలీసు నిబంధనలలో 236వ దాని ప్రకారము అట్టివానిపై ఆరు విధముల నిఘా ఉంచవచ్చును: ఇంటిని రహస్యముగ కాపుకాయుట, రాత్రివేళ ఇంటికి వచ్చి చూచుట, అతని నడవడి, ఆదాయము, వృత్తులను గూర్చి అప్పుడప్పుడు విచారించుట, రాకపోకలను కానిస్టేబుళ్లు, చౌకీదార్లు తెలియపరచుట, ఆ రాకపోకలను చీటీలద్వారా ధ్రువపరచుకొనుట, ఇట్లు చేరిన సమాచారమునంతయు షీటులోనికి ఎక్కించుట. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టి, కేకలు వేసి తనను నిద్రలేపుచున్నారనియు, ఊరు విడిచిపోవలెనన్న చౌకీదారునకు చెప్పి పోవలసివచ్చుచున్నదనియు ఖరక్‌సింగ్ సుప్రీంకోర్టులో మొరపెట్టుకొనెను.

1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను. నలుగురు ఒకవైపు నిలిచిరి. రాత్రివేళ ఇంటిలోనికి వచ్చుట మాత్రము చెల్లదు, మిగిలినవన్నియు చెల్లును, గోప్యత మన రాజ్యాంగమున హామీ ఇయ్యబడిన హక్కు కాదు అని వారి నిర్ణయము. మిగిలిన ఇద్దరి పక్షమున భిన్నతీర్పు వ్రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావుగారు. జస్టిస్ జె.సి. షా వారితో ఏకీభవించిరి.

సుబ్బారావుగారు 1902లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తులు వారే. 1958లో సుప్రీంకోర్టునకు వచ్చి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిరి. ఆ పీఠమునెక్కిన మొదటి తెలుగువారు. ఖరక్‌సింగ్ కేసులో వారు చూపిన సూక్ష్మదృష్టి నేటికిని ఆశ్చర్యము గొలుపును. నిఘా క్రిందనున్న మనిషి కాళ్లకు సంకెళ్లు లేవు. అతడు నడువగలడు, తిరుగగలడు. కాని ప్రతి అడుగు వేరొకని కన్నులబడి, కాగితమునకెక్కుచున్నప్పుడు ఆ నడక స్వేచ్ఛగ నడిచిన నడక కాదని వారు వివరించిరి. అట్టివానికి దేశమంతయు చెరసాలయే యనిరి. నాగరికత పెరిగినకొలది శరీరమునకు వేసిన సంకెలకన్న మనస్సునకు వేసిన సంకెల బలమైనదగును. గోప్యత యను మాట రాజ్యాంగమున లేకున్నను, వ్యక్తిస్వేచ్ఛలో అది విడదీయరాని అంశము. కావున 236వ నిబంధన సాంతము చెల్లదు. ఇది వారి తీర్పు సారము.

నలుగురికి ఇద్దరు గనుక ఆనాడు అది ఓడిన తీర్పు. భిన్నతీర్పు వ్రాయువాడు నేటి కక్షిదారునకు మేలు చేయలేడు; రేపటి న్యాయస్థానమునకు జాబు వ్రాసినవాడగును. ఆ జాబు గమ్యము చేరుటకు ఏబదియైదేండ్లు పట్టెను.

నడుమ వేసిన మెట్లు

ఈ వ్యవధిలో మార్గము మెల్లమెల్లగ తెరువబడినది. 1975లో గోవింద్ కేసున జస్టిస్ మాథ్యూ, గోప్యత యను హక్కు ఉన్నదనుకొన్నను, బలమైన ప్రజాప్రయోజనమునకు అది లోబడియుండవలెనని జాగ్రత్తగ మాటలాడెను. 1986లో ఉత్తరములను ఆపి చదువుటకు ప్రభుత్వమునకు మరింత విశాలమైన అధికారమిచ్చు తపాలా సవరణ బిల్లును పార్లమెంటు ఉభయసభలు ఆమోదించినవి. కాని రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ దానిపై సంతకము చేయకయే నిలిపియుంచిరి. అది చట్టము కానేలేదు. 1994లో, పూర్వము ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగ నుండిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, రాజగోపాల్ కేసులో తన మానాన తానుండు హక్కు జీవించు హక్కులోనే అంతర్భూతమని స్పష్టపరచిరి.

1996 డిసెంబరు 18న, అనగా ఖరక్‌సింగ్ తీర్పు వెలువడిన దినమునకు సరిగ ముప్పదినాలుగేండ్లకు, టెలిఫోను సంభాషణలను చాటుగ వినుటను గూర్చి పి.యు.సి.ఎల్. కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చెను. టెలిఫోనులో మాటలాడుట గోప్యతలోని భాగమే యని చెప్పి ఊరకొనక, 1885 చట్టమున లేని కార్యక్రమమును కోర్టు స్వయముగ విధించెను. ఇది సచివాలయమున పనిచేయు మనకు సులభముగ బోధపడు విషయము. ఉత్తరువు ఇయ్యవలసినవారు హోము సెక్రటరీయే. అత్యవసరమున జాయింటు సెక్రటరీ హోదాకు తగ్గనివారు ఇయ్యవచ్చును. ఉత్తరువునకు రెండు నెలల ఆయువు, పొడిగించినను మొత్తము ఆరు నెలలు దాటరాదు. ఆపై ఒక సమీక్షా సంఘము దానిని పరిశీలింపవలెను. 2007లో ఈ విధులే టెలిగ్రాఫు నియమావళిలో 419-ఎ నియమముగ చేర్చబడినవి. 2024 డిసెంబరులో వెలువడిన కొత్త నియమములును ఆ చట్రమునే నిలుపుకొన్నవి.

కాగితముపై ఈ ఏర్పాటు చక్కగనే యున్నది. లోపమెచ్చటనన్న, ఉత్తరువిచ్చువారు ప్రభుత్వాధికారులు, సమీక్షించువారును ప్రభుత్వాధికారులే. కేంద్రమున ఆ సంఘమునకు క్యాబినెట్ సెక్రటరీ అధ్యక్షులు, న్యాయ, టెలికాం శాఖల కార్యదర్శులు సభ్యులు. న్యాయమూర్తి యొక్కరును లేరు. ఎవని మాట వినబడెనో వానికి ఆ సంగతి ఏనాటికిని తెలియజేయబడదు. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ సంఘము తన నివేదికలో, రెండు నెలలకొకసారి కూడు సమీక్షా సంఘము ఒక్కొక్క సమావేశమున 15,000 మొదలు 18,000 ఉత్తరువులను చూడవలసివచ్చుచున్నదని వ్రాసెను. ఒక్కొక్కదానికి ఒక్క నిమిషమే కేటాయించినను 15,000 ఉత్తరువులకు 250 గంటలు పట్టును. ఫైలు చూచుట యనగా ఏమో యెరిగిన మనవారికి దీనిపై వ్యాఖ్యానము అక్కరలేదు.

నిఘా అసలే కూడదని ఎవరును అనరు. 2008 నవంబరు 26న బొంబాయిపై దాడి జరిగినప్పుడు హంతకులు దేశము వెలుపలనున్న తమ నాయకులతో మాటలాడిన మాటలు పట్టుబడి, తరువాత న్యాయస్థానమున బలమైన సాక్ష్యములైనవి. కావున ప్రశ్న నిఘా ఉండవలెనా యని కాదు. ఎవరిపై, ఏ కారణమున, ఎవరి ఉత్తరువుతో, ఎంతకాలము, ఎవరు తనిఖీ చేయగా అన్నదే ప్రశ్న.

అప్పగించినది పరుల సొత్తగునా?

ఈ చరిత్రలో హైదరాబాదు పేరు మోసిన ఒక తీర్పు కలదు. సామాన్యులు దానిని అంతగ ఎరుగరు. స్టాంపుల చట్టములోని 73వ సెక్షనును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1986లో సవరించి, స్టాంపు సుంకము ఎగవేత పట్టుటకని, అధికారము పొందినవారెవరైనను బ్యాంకులలోని కాగితములను తనిఖీ చేయవచ్చునని శాసించెను. హైకోర్టు దానిని కొట్టివేయగా, 2004లో కెనరా బ్యాంకు కేసున సుప్రీంకోర్టు ఆ నిర్ణయమును స్థిరపరచెను. బ్యాంకునకు అప్పగించిన కాగితములపై ఖాతాదారునకు గోప్యత పోయినట్లేనను వాదమును త్రోసిపుచ్చి, గోప్యత మనుష్యులను అంటియుండును గాని స్థలములను కాదని పలికెను. అమెరికా సుప్రీంకోర్టు 1976లో బ్యాంకు కాగితముల విషయమున ఇందుకు విరుద్ధముగ చెప్పియుండెను. సెల్‌ఫోను తిరిగిన చోట్ల వివరములకు వారంటు కావలెనని అది అంగీకరించినది 2018లో. వైద్యునకు చెప్పినది వీథికి చెప్పినట్లు కాదను మన సామెతలోని న్యాయమే కెనరా బ్యాంకు తీర్పులోని న్యాయము.

ఆ న్యాయము నేడు ఎంత అవసరమో చెప్పనలవి కాదు. ఏలయనగా ఇప్పుడు మనము అప్పగింపని సంగతి లేదు. జేబులోని ఫోను మనమున్న చోటును క్షణక్షణము సమీప టవరునకు చెప్పుచుండును. చెల్లింపుల యాప్ మన నెలసరి పద్దును, మందులకొట్టు యాప్ మన రోగమును, వెదకుడు యంత్రము మన మనస్సులోని సందేహమును ఎరుగును. ఖరక్‌సింగ్ విషయమున చౌకీదారు, కానిస్టేబులు, సబ్-ఇన్‌స్పెక్టరు ఏండ్ల తరబడి తిరిగి పోగుచేసిన రాకపోకల చిట్టాను మన పిల్లవాని ఫోను జీతము, నిద్ర లేకుండ ఒక్క దినమున సిద్ధము చేయగలదు. వెనుక చెప్పిన శ్రమ యను కవచము ఇక లేదు. అంగడివాడు మన మేలుకొరకని పోగుచేసిన రాశి, ప్రభుత్వము కోరినప్పుడు దాని చేతికి పోవుట ఎంత సులభమో 2013లో అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రములవలన లోకమునకు తెలిసెను.

మన దేశమున 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 69వ సెక్షను కంప్యూటరు సమాచారముపై నిఘాకు ఆధారము. 2008 సవరణతో అది విస్తరించినది. టెలిగ్రాఫు చట్టమునందున్న ప్రజాత్యయిక పరిస్థితి, ప్రజాభద్రత యను ముందు షరతులు ఇందు లేవు. ఈ సెక్షను క్రింద పని చేయుటకు 2018 డిసెంబరు 20న కేంద్ర హోము శాఖ పది సంస్థలకు అధికారమిచ్చుచు ఉత్తరువు వెలువరించెను.

ఓడిన తీర్పు గెలిచిన దినము

2010 సెప్టెంబరులో మహారాష్ట్రమునందలి టెంభ్లీ యను గ్రామమున మొదటి ఆధార్ సంఖ్య ఇయ్యబడెను. వ్రేలిముద్రలు, కంటిపాప గుర్తులు ఒకచోట చేరుచున్నవని కలతచెంది, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో సుప్రీంకోర్టు నాశ్రయించిరి. ప్రభుత్వము తరఫున అటార్నీ జనరల్ 1954, 1962 తీర్పులను చూపి, గోప్యత ప్రాథమిక హక్కే కాదని వాదించిరి. 2015 ఆగస్టు 11న, కృష్ణా జిల్లా వాస్తవ్యులైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ నాయకత్వమునందలి ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ ప్రశ్నను విశాలతర ధర్మాసనమునకు నివేదించెను.

2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు, జస్టిస్ చలమేశ్వర్‌తో గూడ, ఏకగ్రీవముగ తీర్పునిచ్చిరి: గోప్యత ప్రాథమిక హక్కు. అది కాదన్నంతవరకు 1954, 1962 తీర్పులు చెల్లవు. 1962లో సుబ్బారావుగారు వ్రాసినదే సరియైన మార్గమని కోర్టు అంగీకరించెను. రాజమహేంద్రవరపు న్యాయకోవిదుడు 1976లోనే గతించిరి. వారి మాట మాత్రము జీవించియుండి, దేశమునకు శాసనమయ్యెను.

ఆ తీర్పు ఒక కొలబద్దనుగూడ ఇచ్చెను. గోప్యతలో జోక్యము కలుగజేసికొన దలచిన ప్రభుత్వము ఒక చట్టమును చూపవలెను. న్యాయమైన ప్రయోజనమును చూపవలెను. ఆ ప్రయోజనమునకు ఎంత అవసరమో అంత మాత్రమే జోక్యము చేసికొనవలెను. 2018లో ఈ కొలతతోనే ఆధార్ పథకము చాలవరకు నిలిచెను. కాని ఫోను నంబరునకు, బ్యాంకు ఖాతాకు ఆధార్ తప్పక జోడింపవలెనను నిర్బంధము నిలువలేదు.

హక్కు ప్రకటింపబడుట వేరు, అనుభవమునకు వచ్చుట వేరు. 2021 జులైలో పెగాసస్ యను ఇజ్రాయేలు నిఘా సాఫ్టువేరు మన దేశమున పలువురి ఫోనులపై ప్రయోగింపబడెనని వార్తలు వచ్చినవి. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ, వారును కృష్ణా తీరమువారే, జాతీయభద్రత యను పేరు చెప్పినంతమాత్రమున న్యాయస్థానము మూగవోదని పలికి, 2021 అక్టోబరు 27న నిపుణుల సంఘమును నియమించిరి. ఆ సంఘము 29 ఫోనులను పరీక్షించి, ఐదింటిలో ఏదో హానికర సాఫ్టువేరు ఉన్నట్లును, అది పెగాససే యని నిశ్చయింప వీలులేదనియు తెలిపినట్లు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించెను. ప్రభుత్వము సహకరింపలేదనియు ఆ సంఘము చెప్పినది. 2024 మార్చిలో హైదరాబాదున అక్రమముగ ఫోనులు వినిరనియు, ఆ రికార్డులను ధ్వంసము చేసిరనియు ఆరోపణతో కేసు నమోదై, పోలీసు అధికారులే అరెస్టయిరి. నేరనిర్ణయము న్యాయస్థానముల పని. వినుట ఎంత సులభమో, వినినట్టి రికార్డును చెరుపుటయు అంత సులభమను పాఠము మాత్రము మనకు చాలును.

వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023 ఆగస్టులో వచ్చినది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. తప్పుచేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా కలదు. ఐతే తాను పేర్కొనిన ప్రభుత్వ సంస్థలకు కేంద్రము మినహాయింపు ఇచ్చుకొనవచ్చునని అందే కలదు. 2025 నవంబరు చివర, అమ్మకమునకు వచ్చు ప్రతి ఫోనులోను సంచార్ సాథీ యను ప్రభుత్వ యాప్‌ను ముందే పొందుపరచవలెనని తయారీదార్లకు ఆదేశము వెలువడెను. దొంగిలింపబడిన ఫోనులను, మోసములను పట్టుటకు అది ఉపకరించుననుట నిజమే. కాని నిర్బంధము కూడదని దేశమంతట గొంతులు లేవగా డిసెంబరు 3న ఆ నిర్బంధము ఉపసంహరింపబడెను. ప్రజలు తమ గుట్టును హక్కుగ భావింప నేర్చిరనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

మన కర్తవ్యము

ఈ వృత్తాంతమునుండి నాకు తోచిన సారమిది. పూర్వము రాజ్యమునకు హద్దు వేసినది వేగులవాని అలసట. యంత్రమునకు అలసట లేదు. కావున ఆ హద్దును ఇప్పుడు చట్టము వేయవలెను. చట్టము వేసిన హద్దును అధికారి మనస్సాక్షి కాపాడవలెను. నిఘా ఉత్తరువులను మనలో చాలమంది జీవితమున చూడనే చూడము. ఐనను పింఛనుదారుని వయస్సు, ఉద్యోగి వైద్యఖర్చుల బిల్లు, అర్జీదారుని చిరునామా, విధవరాలి బ్యాంకు ఖాతా దినము మన బల్లలపైకి వచ్చుచునే యుండును. ఆ కాగితమును ఫోటో తీసి పదిమంది గల వాట్సాప్ గుంపులో పెట్టుట చిన్న సౌకర్యముగ తోచును. దానిని మనకు అప్పగించినవారు ఆ గుంపునకు అప్పగింపలేదు. ఈ పనికి కావలసినది ఎంత, దీనిని చూడవలసినవారెవరు, పని తీరిన పిదప దీనిని ఏమి చేయవలెను అను మూడు ప్రశ్నలు ప్రతి ఫైలు వద్ద వేసికొన్నచో, తొమ్మండుగురు న్యాయమూర్తుల తీర్పు మన గదిలో అమలైనట్లే.

గృహమునందును కొంత పని కలదు. యాప్ అడిగిన ప్రతి అనుమతికి ఔననుట, పిల్లల ఫోటోలను ఊరు పేరు బడితోసహా అందరికిని చూపుట, బజారులో అడిగినవానికెల్ల ఫోను నంబరు చెప్పుట మన ఇండ్లలో అలవాటైపోయినది. "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెతను మన అవ్వలు ఊరకనే చెప్పలేదు. వారి కాలమున ఇంటిగుట్టు బయటపెట్టుటకు ఒక విభీషణుడు కావలసివచ్చెను. నేడు ఆ పనిని మనమే, మన వ్రేలితో, చిన్న అద్దముపై ఒక్క తాకుడుతో చేయుచున్నాము.

నేరము చేయని వానికి దాచుకొన నేమున్నదని కొందరందురు. నేరము చేయని గృహస్థుడును రాత్రి తలుపు గడియ వేసికొనును గదా! ఆ గడియ దొంగతనమునకు గుర్తు కాదు, గృహస్థధర్మమునకు గుర్తు. ఖరక్‌సింగ్ తలుపునకు ఆ గడియ ఉండవలెనని 1962లో పట్టుబట్టి చెప్పిన తెలుగు న్యాయమూర్తిని మన సమాజము గర్వముతో స్మరించుట న్యాయము. వారు కాపాడదలచిన ఆ గడియను మన కార్యాలయములలోను, మన ఇండ్లలోను పదిలముగ నిలుపుకొనుట వారికి మనము చేయదగిన నివాళి.